దగ్గు దాచుకున్న వీధి

శానిటరీ ఇన్‌స్పెక్టరమ్మకు ఎవర్నీ ఊరికే నమ్మడం చేతకాదు. పాలు కొంటే ముందు వాసన చూస్తుంది, తరవాత పాలవాడి మొహం చూస్తుంది. భర్త తొందరగా ఇల్లు చేరితే ఎందుకొచ్చారంటుంది, ఆలస్యమైతే ఇక చెప్పనే అక్కర్లేదు. హోటళ్ళవాళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి పైకి చిటపటలాడింది గానీ లోలోపల మురిసిపోయింది. భర్త బస్సు కండక్టరు. "టికెట్టు తీసుకోనివాణ్ణి కూడా నేనింత అనుమానంగా చూడనే," అంటుండేవాడు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఆరోగ్య శాఖవాళ్ళు కొత్త విభాగంలో వేశారు. ఫ్యాక్టరీయో రోడ్డో మరొకటో కట్టబోయేముందు, దానివల్ల చుట్టుపక్కల జనం ఆరోగ్యం ఏమవుతుందో అంచనా వేసి చెప్పడం ఆ విభాగం పని. పొగ ఎటు పోతుంది, దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, బడిపిల్లలు రోడ్డెలా దాటుతారు, ఇలాంటివన్నీ. జబ్బులు ముదిరాక పరుగెత్తడమే తెలిసిన శాఖకు, రాకముందే ఆలోచించడం నేర్పుతామన్నారు. అందుకని రాజధాని నుంచి ఒక శిక్షకురాలు దిగింది.

ఆ శిక్షకురాలు ఊరికూరికే నవ్వేది. ఆ నవ్వు చూస్తే ఇన్‌స్పెక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. పైగా ఆవిడ మొదటిరోజే, "మన పని వద్దనడం కాదండీ. ఏం మారిస్తే జనానికి నష్టం ఉండదో చెప్పడం," అంది.

"విన్నావా? మనచేత సరే అనిపించడానికే ఈవిణ్ణి పట్టుకొచ్చారు," అని ఇన్‌స్పెక్టరమ్మ పక్కన కూర్చున్న టీకాల నర్సు చెవిలో ఊదింది.

"మీరు మరీను మేడమ్," అంది నర్సు. ఇన్‌స్పెక్టరమ్మ ఆరోజు నుంచి నర్సు మీద కూడా ఒక కన్నేసి ఉంచింది.

వాళ్ళకు అప్పజెప్పిన మొదటి పని సిమెంటు యార్డు. లారీల్లో వచ్చిన సిమెంటు దించి నిలవచేసే చోటది. దాన్ని పెంచి, వెనకున్న వీధి గోడదాకా తెస్తామని యజమానులు అర్జీ పెట్టుకున్నారు. ఆ వీధిలో ఇప్పుడు ఎంతమందికి దగ్గూ ఆయాసమూ ఉన్నాయో తేల్చాలి. ఎక్కువగా ఉంటే యార్డును దూరం జరపమనొచ్చు. లేకపోతే గోడ అవతలే బస్తాలు దిగుతాయి.

ఆ వీధి మొదట్లోనే ఇన్‌స్పెక్టరమ్మ అక్క టీకొట్టు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆ అక్కే. తను బడి మానేసి మరీ చెల్లెల్ని చదివించింది. కిందటి వానాకాలం కామెర్లు ప్రబలినప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ ఆ వరసలో కొట్లన్నీ మూయించింది. అక్క కొట్టును కూడా వదల్లేదు. డ్యూటీ డ్యూటీయే కదా అనుకుంది. ఆ తరవాత అక్క మాట్లాడటమైతే మానలేదు గానీ, తిన్నావా అని అడగడం మానేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ స్కూటరు మీద వెళ్ళి ఇల్లిల్లూ తిరిగింది. కిటికీ రెక్కల మీద వేలితో రాస్తే అక్షరాలు పడేంత దుమ్ము. కానీ ఏ గడపలో అడిగినా ఒకటే జవాబు.

"దగ్గుందా?"

"అబ్బే, లేదమ్మా."

"ఆయాసం?"

"మాకెందుకొస్తుందమ్మా? బాగానే ఉన్నాం."

ఇదేదో గూడుపుఠాణీ అని ఆమెకు నిశ్చయమైపోయింది. ఒకరింట్లో కొత్త ఫ్యాను కనపడింది, ఇంకొకరి తలుపుకి కొత్త రంగు. "యార్డువాళ్ళు ఏమిచ్చారు తాతా, నిజం చెప్పు," అని అరుగు మీది ముసలాయన్ని నిలదీసింది. ఆయన బెదిరిపోయి, "నాకెవరిస్తారు తల్లీ?" అంటూ లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

విభాగం ఆఫీసరు మాత్రం ఆ కబురు విని సంబరపడ్డాడు. "మంచిదేగా! అంతా ఆరోగ్యంగా ఉన్నారని రాసి పంపేద్దాం."

శిక్షకురాలు ఒప్పుకోలేదు. "అంత దుమ్ములో ఒక్కరికీ దగ్గు లేదా? అడిగేది ఎవరో చూసుకుని చెబుతారండీ జనం. ఇక్కడ అడిగిందెవరు?"

ఇన్‌స్పెక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తప్పంతా నామీదికి తోస్తోంది మహాతల్లి, ఇదీ యార్డువాళ్ళ ఎత్తే, అనుకుంది. ఆ కోపంతోనే మధ్యాహ్నం కొట్టు వెనకున్న అక్క ఇంటికెళ్ళింది. మిగతావాళ్ళంతా అమ్ముడుపోయినా సొంత అక్క అబద్ధం చెప్పదు కదా!

గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు పనిచేసింది. జలుబు మందు వాసన. పొయ్యి పక్కన ఆవిరి పట్టిన గిన్నె, దాని మీద తడి తువ్వాలు.

"బావేడక్కా?"

"బయటికెళ్ళాడు."

చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. గదికి అడ్డంగా వేసిన తెర వెనక ఎవరో దిండు నోటికి అదుముకుని దగ్గుతున్నట్టు చప్పుడు. ఒకసారి ఆగి మళ్ళీ వచ్చింది.

"అక్కా, బావకి ఎప్పట్నించి ఇలా ఉంది?"

అక్క గ్లాసులు కడగడం ఆపలేదు. "నువ్వు చెల్లెలిగా వచ్చావా, ఇన్‌స్పెక్టరుగా వచ్చావా? అది చెప్పు ముందు."

"అదేం మాటక్కా?"

"నీ స్కూటరు చప్పుడు వినపడితే చాలే, దగ్గేవాళ్ళంతా లోపలికి పోతారు. చిన్నపిల్లల నోళ్ళు కూడా మూస్తారు. దగ్గేవాడు టీ కాస్తున్నాడని తెలిస్తే నువ్వు కొట్టు మూయించవూ? మాకెవరూ ఏమీ ఇవ్వలేదు. నువ్వంటే భయం, అంతే."

వీధి వీధంతా అమ్ముడుపోయిందనుకుంది గానీ, తనను చూసి జడుసుకుంటోందని ఇన్‌స్పెక్టరమ్మకు తోచనే లేదు. సిగ్గేసింది. బావ తెర వెనక ఊపిరి బిగబట్టుకున్నాడేమోనని తొందరగా బయటికొచ్చేసింది.

తిన్నగా ఆఫీసుకెళ్ళి, "ఆ రిపోర్టు పంపకండి సార్. అది తప్పు. నేనడిగాను కాబట్టి తప్పు," అంది.

ఆఫీసరు విసుక్కున్నాడు. శిక్షకురాలు ఈసారి నవ్వలేదు. "మరి ఎవరడగాలో మీరే చెప్పండి," అంది. ఇన్‌స్పెక్టరమ్మ అలవాటు కొద్దీ ఆ మాటలో మెలిక వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు.

"నర్సును పంపండి. పిల్లలకి టీకాలేసిన చెయ్యి, తలుపు తీస్తారు. నేను ఆ వీధి ఛాయలకి పోను. ఇంకోటి. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఎవరి కొట్టూ మూయించబోమని మీరు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నోటిమాట నేనే నమ్మను, వాళ్ళేం నమ్ముతారు?"

ఆఫీసరు గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. పెట్టినదాన్ని ఆమె రెండుసార్లు చదువుకుంది.

నర్సు వెళ్ళొచ్చింది. ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. అరుగు మీది ముసలాయనైతే నాలుగడుగులు వేస్తే కూలబడిపోతున్నాడు. యార్డును గోడ దగ్గరికి రానివ్వకూడదని రాయడానికి కావలసినంత సరుకు దొరికింది. అంతా చెప్పాక నర్సు కాస్త తటపటాయించింది.

"మేడమ్, మీ అక్కగారింట్లో మాత్రం ఎవరికీ ఏమీ లేదన్నారు."

తెర వెనక ఏముందో ఇన్‌స్పెక్టరమ్మకు తెలుసు, తనే రాసేయొచ్చు. కానీ ఇవ్వనిదాన్ని లాక్కున్నట్టవుతుంది, మళ్ళీ పాత కథే. ఆ లెక్కలో పేరెక్కినవాళ్ళనే శాఖ ఆస్పత్రికి పంపిస్తుంది, పేరు లేకపోతే బావను చూసే దారీ ఉండదు. చెల్లెలంటే ఉన్న భయంతో అక్క మొగుణ్ణి పోగొట్టుకుంటుందేమోనని ఆమెకు దిగులు పట్టుకుంది.

సాయంత్రం స్కూటరు తీయకుండా నడిచి వెళ్ళింది. చేతిలో సంచి లేదు, కాగితం లేదు. వీధి మలుపు నుంచే దగ్గులు వినపడ్డాయి. ఒకింట్లో సన్నగా, ఒకింట్లో గరగరమంటూ. ఎవరూ ఆపుకోవడం లేదు. వింటుంటే కళ్ళు చెమర్చాయి.

అక్క కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, "ఒక టీ ఇవ్వక్కా," అంది. కొట్టు మూయించిన తరవాత ఆమె ఇక్కడ టీ తాగడం ఇదే మొదలు.

అక్క ఎగాదిగా చూసి గ్లాసు ముందు పెట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసు అంచు చూడలేదు, వాసన చూడలేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ బావకు దగ్గొచ్చింది. గుండెలు పట్టుకుని వంగిపోయాడు. ఆమె తల తిప్పలేదు. వేడి టీ గొంతులో పోసుకుంటూ రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

అక్క అదంతా గమనిస్తూనే ఉంది. ఖాళీ గ్లాసు అందుకుని, "రాసుకోవే," అంది మెల్లిగా.

"పెన్ను తేలేదక్కా."

"అయితే రేపు ఆ నర్సమ్మని పంపు, చెబుతాం." అక్క గ్లాసు కడుగుతూ అడిగింది. "ఏమన్నా తిన్నావా?"