అన్నయ్య తాగలేదు

ఇవాళ నేను పాఠాలు చెప్పే ప్రేమ్ బజార్ కోచింగ్ సెంటర్‌కి సెలవు పెట్టి అన్నయ్యను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అన్నయ్య రైల్వే వర్క్‌షాప్‌లో ఇరవై ఏళ్లుగా ఫిట్టరు. ఆరు నెలలుగా నడిస్తే తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. మేముండే ఖరిదా పేటలో అందరూ తాగుడనే అనుకున్నారు.

చిన్నమెదడు కుంచించుకుపోయిందని, అందులోని గ్రాన్యూల్ కణాలు చచ్చిపోతున్నాయని, అవి మళ్లీ పుట్టవని డాక్టరు చెప్పారు. మెదడులో అన్నిటికన్నా చిన్నవీ, ఎక్కువగా ఉండేవీ అవేనని ఏటా పిల్లలకు బోర్డు మీద రాస్తాను. అవి పోతే మనిషి ఏమవుతాడో ఎప్పుడూ చెప్పలేదు.

బయటికొచ్చాక అన్నయ్య ఒక్కటే అడిగాడు.

"ఏటే, తాగుడు వల్ల కాదని కాయితం మీద రాసినారా?"

"రాసినారన్నయ్యా."

"అయితే ముందు మీ వదినకి సూపించు. నాను సెప్తే నమ్మట్లేదు."

ఇంటికెళ్లగానే చూపించాను. వదిన రెండుసార్లు చదివి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

నేను వదినకన్నా ఏం మేలు? పోయిన నెల తమ్ముడి పెళ్లిచూపుల్లో, పక్కన కూర్చున్నట్టే కూర్చుని అన్నయ్య నోటి వాసన చూశాను. పైగా బయాలజీ టీచర్ని! ఆ సంగతి ఆయనకు చెప్పి క్షమించమనాలా, చెప్పకుండా మోయాలా? మీరైతే ఏం చేస్తారు?