ప్రభావతి పిన్ని రెండో గేటు

కారంపూడిలో మా ప్రభావతి పిన్నిని లెక్కల టీచరమ్మ అంటారు. రిటైరైనా ఊరు ఇంకా ఆ పేరుతోనే పిలుస్తుంది, పిన్ని కూడా ఊరిని ఇంకా క్లాసురూములాగే చూస్తుంది. దేన్నైనా సరే, నిరూపిస్తేనే నమ్ముతుంది. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూడటానికి వచ్చిన సిద్ధాంతి గారిని కూడా నిరూపించమనే నిలదీసింది. పాపం ఆయన టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు. మా బాబాయి సాంబశివరావు గారికి సెంటర్లో ఎరువుల కొట్టుంది. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడు కాబట్టి ఆయన బతికిపోయాడు. అక్క కూతురినై పుట్టి, పక్క వీధిలో కాపురం పెట్టిన పాపానికి నేనే అన్నిటికీ దొరుకుతాను.

పిన్ని ఇల్లు రోడ్డు మీదికి తూర్పు ముఖంగా ఉంటుంది. వెనక పెద్ద దొడ్డి, దాని వెనక కాలనీ. కాలనీ వాళ్లు బస్సెక్కాలంటే మిల్లు చుట్టూ తిరిగి రావాలి, లేకపోతే పిన్ని దొడ్డిలోంచి అడ్డంగా నడిచి రోడ్డెక్కాలి. ఎండాకాలం మన ఎండల్లో ఎవరైనా ఏం చేస్తారో వేరే చెప్పక్కర్లేదు. నడవగా నడవగా దొడ్డి మధ్యలో గడ్డి మొలవని కాలిబాట ఒకటి పడిపోయింది.

రిటైరయ్యాక పిన్ని ఆ దొడ్డిలో గోంగూర, వంగ వేసింది. మనుషుల వెనకే మేకలూ రావడం మొదలుపెట్టాయి. దాంతో పిన్నికి మళ్లీ ఉద్యోగం దొరికింది. వెనక వరండాలో కుర్చీ వేసుకుని వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ తిట్టడం. తిట్టాలంటే పేరు కావాలి కదా, అందరి పేర్లూ కనుక్కుంది. పేర్ల వెంట ఇంటి సంగతులొచ్చాయి. పాలు పోసే యల్లమంద కుంటుతుంటే, నా మొక్కలు తొక్కిన కాలేనా అది అని అడిగి, ఏ డాక్టరు దగ్గరికి పోవాలో చెప్పేది. మిరప కోతలకు పోయే ఆడవాళ్లను ఆపి పిల్లల్ని బడికి పంపారా లేదా అని ఆరా తీసేది. కాలనీలో డిగ్రీ చదివిన షబీనా బ్యాంకు పరీక్షకు కడుతున్నానంటే, లెక్కలు రాకుండా బ్యాంకేందే అని తిట్టి, రోజూ సాయంత్రం ఆ వరండా మెట్ల మీదే కూర్చోబెట్టి చెప్పేది. తిట్లతోపాటు టీ కూడా పోసేది, అందుకని ఎవరూ తిట్లను పట్టించుకోలేదు.

మొన్న మాఘమాసంలో మేకలు వంగతోట మొత్తం నున్నగా మేసిపోయాయి. ఆ పూటే పిన్ని కంచె కట్టించి తీరతానని సెంటర్ దాకా వినపడేలా చెప్పింది. కాంట్రాక్టర్ని వెతికే పని నా మెడకు చుట్టుకుంది. మొదట వచ్చినవాడు బండి దిగకుండానే దొడ్డి చూసేశాడు. రెండోవాడు దొడ్డే చూడకుండా ఫోన్లోనే రేటు చెప్పేశాడు. ఇద్దర్నీ పిన్ని ఫెయిలు చేసింది. మూడోవాడు నరసరావుపేట మౌలాలీ.

మౌలాలీకి పని ఎంత వచ్చో మాటలు అంతకు రెట్టింపు వచ్చు. నాపరాళ్లు నిలువుగా పాతి, పైన ముళ్లతీగ లాగుదామన్నాడు. పిన్ని గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి గీసిన ప్లాను చూపించింది. కంచె ఇంటి చుట్టూ తిరిగి రోడ్డు వైపు ఒక్క గేటు దగ్గర ఆగింది. మౌలాలీ కాగితాన్ని తెగ మెచ్చుకున్నాడు. తర్వాత దొడ్డిలో దిగి చుట్టూ తిరిగి, ఈ బాట ఎవరిదమ్మా అని అడిగాడు.

"అది బాట కాదు, దౌర్జన్యం," అంది పిన్ని.

అతనికి ఒక పద్ధతి ఉంది. రాళ్లు పాతే చోట ముందు కట్టెలు దిగ్గొట్టి, మోకాలెత్తున తాడు కట్టి పోతాడు. ఇంటివాళ్లు ఒక వారం ఆ తాడుతో కాపురం చేయాలి. అప్పటికీ మనసు మారకపోతేనే గుంటలు తవ్వుతాడు. బొల్లాపల్లిలో ఒకాయన తొందరపెట్టి, ట్రాక్టరు దొడ్డిలో ఉండగానే చుట్టూ రాళ్లు పాతించుకున్నాడట. ఆ ట్రాక్టరు బయటికి రావడానికి ఎన్ని రాళ్లు పీకాల్సొచ్చిందో మౌలాలీ అభినయించి మరీ చెప్పాడు. నా మనసు మారేది కాదులే, కట్టు అంది పిన్ని.

తాడు కట్టిన మర్నాడు పిన్ని కుర్చీలో ఠీవిగా కూర్చుంది. ఎవరైనా గొడవకొస్తే చెప్పాల్సిన జవాబులన్నీ సిద్ధం చేసుకుంది. ఒక్కరూ గొడవకు రాలేదు. యల్లమంద పాలక్యానుతో తాడు దాకా వచ్చి, నిలబడి చూసి, వెనక్కి తిరిగాడు. కోతల ఆడవాళ్లూ అంతే. ఎవరైనా దాటగలిగిన ఆ తాడును ఎవరూ దాటలేదు. టీచరమ్మ కట్టించిందంటే దానికి ఆ మాత్రం విలువ ఇచ్చారు.

పిన్ని గెలిచింది. గెలిచాక ఏం చేయాలో ఆవిడకు తోచలేదు. అలవాటు కొద్దీ పెద్ద గిన్నెతో టీ పెట్టి పారబోసింది. ఫ్యాను చప్పుడు చేస్తోందని నాకు ఫోను, కూరలో ఉప్పెక్కువైందని ఇంకో ఫోను. ఈలోగా కోటప్పకొండ తిరునాళ్ల వచ్చిపడి ట్రాక్టర్లన్నీ అటు పోయాయి, రాళ్లు రావడం ఆలస్యమైంది. వారం అనుకున్న తాడు ఇంకా అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే షబీనా బ్యాంకు పరీక్ష పాసైంది. మిల్లు దగ్గర కనపడి నాకు మిఠాయి పెడితే, నేను పోయి ఆ మాట పిన్నికి చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది, వెంటనే వాడిపోయింది.

"నాకు చెప్పలేదేందే?"

"చెప్పడానికే వచ్చిందంట పిన్నీ. తాడు చూసి పోయిందంట."

పిన్ని లోపలికి పోయి చాలాసేపు మొహం కడుక్కుంది. నాకు చాలా బాధనిపించింది, కాస్త కోపం కూడా వచ్చింది. కంచె వద్దని ఒక్క మాట అంటే సరిపోతుంది. కానీ సెంటర్ దాకా వినిపించిన మాటను వెనక్కి తీసుకోవడం పిన్ని జాతకంలో లేదు. మాట నిలబెట్టుకుంటే బతికినన్నాళ్లూ ఆ వరండాలో ఒంటరిగా కూర్చోవాలి. మాట తప్పితే ఊళ్లో తలెత్తుకోలేదు. రాళ్లు మర్నాడే వస్తున్నాయి.

పొద్దున్నే నేను వెళ్లేసరికి ట్రాక్టరు ఆగి ఉంది, మౌలాలీ గుంటలకు గుర్తులు పెడుతున్నాడు. కొట్టుకు బయల్దేరిన బాబాయి ఇంకా గడపలోనే ఉన్నాడు. పిన్ని గ్రాఫు కాగితం పట్టుకుని గంభీరంగా వచ్చింది.

"మౌలాలీ, పడమటి వైపు ఇంకో గేటు పెట్టాలి. వాయవ్యం మూల దగ్గర. వాస్తు ప్రకారం అక్కడ ఉండి తీరాలంట."

బాబాయి చేతిలోని తాళాలు కింద పడ్డాయి. ఏ సిద్ధాంతి చెప్పాడు పిన్నీ అని నేను అడిగాను. వెనక బెంచీలో మాట్లాడినవాణ్ని చూసినట్టు చూసింది. నిరూపించమనే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

మౌలాలీ మాత్రం నవ్వలేదు. వాయవ్యం మూల దాకా నడిచి, కాలిబాట సరిగ్గా అక్కడే దొడ్డిలోకి దిగుతుండటం చూసి, గడ్డం నిమురుకున్నాడు.

"వాస్తంటే వాస్తేనమ్మా, కాదనగూడదు. మరి గొళ్లెం ఎటేపు పెట్టమంటావు? లోపలేపా, బయటేపా?"

పిన్ని కాగితం వైపు చూసింది. అందులో గొళ్లేలేమీ లేవు. తర్వాత కాలనీ వైపు చూసింది.

"బయటేపు," అంది. "అది కూడా వాస్తులోనే ఉంది."

కంచె లేచింది. ఊళ్లో ఏ ఇంటికైనా గొళ్లెం లోపలే ఉంటుంది, మా పిన్ని దొడ్డి గేటుకు మాత్రం బయట ఉంటుంది. మేకలకు అది తీయడం రాదు, మనుషులకు వచ్చు. మొదట తీసింది షబీనా, మిఠాయి డబ్బాతో. పిన్ని ఆ పిల్లను గట్టిగా పట్టుకుని, అందరం చూస్తుండగానే ఏడ్చింది. ఏడుపు ఆపుకుని కళ్లు తుడుచుకున్నాక, వెనక గేటు తెరిచే ఉండటం ఆవిడ కంటపడింది.

"బ్యాంకు ఉద్యోగమంట. గేటేసి రావడం తెలవదు గానీ," అంది.

ఇప్పుడు పిన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందర్నీ తిట్టేది ఆ ఒక్క మాట మీదే.