నిప్పు చూసిన కమలారసం

ఇప్పటి తల్లులు పుస్తకాలు చూసి పిల్లల్ని పెంచుతున్నారు. ఆ రోజుల్లో మద్రాసులో, మా వాషర్‌మెన్‌పేటలో అత్తగారూ కుంపటీ ఉంటే చాలు, బిడ్డ పెరిగిపోయేవాడు. నిప్పు చూడనిది ఏదీ పసినోట్లోకి పోకూడదన్నది మా అత్తగారి శాసనం. నీళ్లు కాగాలి, పాలు కాగాలి, ఆముదం కూడా వెచ్చబడాలి. (నన్ను కాచకుండా వదిలేసింది, అదే పదివేలు.) కాన్పయిన వెంటనే నాకు టైఫాయిడ్ వచ్చి పాలు ఇంకిపోవడంతో మావాడు డబ్బాపాల మీదే పెరుగుతున్నాడు. నేను ఎస్సెల్సీ పాసైనదాన్నే గానీ, ఆవిడ ముందు నా చదువుకు నోరు లేచేది కాదు.

పాకడం మొదలుపెట్టిన పిల్లవాడు ఉన్నట్టుండి పాకడం మానేశాడు. కాళ్లు కప్పలా ముడుచుకుని పడుకునేవాడు. గుడ్డ మార్చడానికి నేను దగ్గరికి వస్తుంటేనే భయంతో కీచుమనేవాడు. మా వీధి చివరింటి పిల్లకు అంతకుముందే జ్వరం తగిలి కాలు చచ్చుబడిపోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు, అందరి మనసులోనూ అదే. మావాడు నడుస్తాడా? అత్తగారు మాత్రం పూటపూటా దిష్టి తీసేది. (మాది ఎండుమిరపకాయల మండీ, సరుకుకు కొదవ లేదు. ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గేవాళ్లం.)

చివరికి రిక్షా కట్టించుకుని పురసవాక్కంలోని లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ పిల్లవాడి నోరు తెరిచి, పళ్లు వస్తున్న చోట ఊదారంగులో ఉబ్బిన చిగుళ్లు చూపించింది. "విటమిన్ సి చాల్లేదమ్మా. ఇటుకలకి సున్నం మాదిరి, ఒంట్లో అన్నిటినీ పట్టి ఉంచేది అదే. అది లేకుంటే ఎముకల మీద నెత్తురు చిమ్మి నొప్పి పుడతాది. కమలాపండు రసం పోయండి, సీక్రం తేడా తెలుస్తాది. తెలీకుంటే పెద్దాసుపత్రిలో కాలు చూపించాల" అంది.

ఆ ఆఖరి మాటే నా చెవుల్లో మోగుతూ ఉండిపోయింది. రోజూ రసం పోస్తూనే ఉన్నాం. రోజూ పొద్దున్నే వాడి కాలు ముట్టుకునేదాన్ని, వాడు కెవ్వుమనేవాడు. వారం గడిచినా అదే ఏడుపు. ఇక పెద్దాసుపత్రే గతి అనుకుంటూ మళ్లీ డాక్టరమ్మ ముందు నిలబడ్డాం. ఆవిడ మొహం కూడా గంభీరమైపోయింది.

"రసం సరిగ్గా పోస్తా ఉండారా?"

"ఏం మాట అది డాక్టరమ్మా!" అత్తగారికి రోషం వచ్చింది. "నేనే దగ్గరుండి, వామేసి, మూడు పొంగులు వచ్చేదాకా కాచి పోస్తా ఉండా."

"అయ్యయ్యో పాట్టీ!" అని అరవంలో అవ్వను పిలిచినట్టు పిలిచింది డాక్టరమ్మ. "కాచినారా?"

"కాచకుండా ఎట్టా పోస్తారు? పసిబిడ్డకి జలుబు చెయ్యదా? చలువ తీసేసినా, అంతే."

"చలువతో పాటు విటమిన్ కూడా తీసేసినారే! మంట తగిలితే అది నిలవదు. డబ్బాపాలల్లో లేందీ, మీ కుంపట్లో పోయిందీ అదే."

డాక్టరమ్మ తన టిఫిన్ డబ్బా పక్కనున్న కమలాపండు అక్కడికక్కడే పిండి, గింజలు వడగట్టి, చెంచాతో పోసింది. అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని దేవుళ్లందరినీ పిలిచింది. నేనూ పిలిచాను. (చదువుకున్నదాన్ని కాబట్టి మనసులో.)

ఇంట్లో కుంపటి జోలికి పోకుండా పచ్చిరసమే పోశాం. కొద్దిరోజులకే వాడి ఏడుపు పలచబడింది. ఒక సాయంత్రం అత్తగారు వంగి గుడ్డ మారుస్తుంటే, వాడు కాలు చాచి ఆవిడ గడ్డం మీద ఫెడీమని తన్నాడు. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. "తన్నురా నాయనా, ఇంకోటి తన్ను" అంటూ మొహం వాడి కాళ్ల దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

వాడిప్పుడు తాతయ్యాడు, పొద్దున్నే నాకంటే ముందే నడకకు బయల్దేరతాడు. మొన్న వాడి మనవరాలికి ఫ్రిజ్‌లోంచి తీసిన కమలారసం ఇస్తూ, గ్లాసును రెండు అరచేతుల మధ్యా పట్టుకుని కూర్చున్నాను. "ఏం చేస్తున్నారత్తయ్యా?" అని కోడలు అడిగింది.

"ఏం లేదమ్మా, చలువ తీస్తున్నా, అంతే" అన్నాను. అన్నాక, ఆ గొంతు ఎవరిదో గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేకపోయాను.