చిన్నాయనకు బాకీ ఉన్నవాళ్లు

మా చిన్నాయన టెంకాయతో నీళ్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. ఎక్కడ అది లేచి నిలబడితే అక్కడ బోరు వేయమనేవాడు. కొనకనమిట్ల నుంచి హనుమంతునిపాడు దాకా ఆయన టెంకాయ తిరగని చేను లేదు. ఒకసారి బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే టెంకాయ నిట్టనిలువుగా లేచిందనీ, డ్రైవరు బస్సాపి దిగి చూస్తే రోడ్డు కింద మంచినీళ్ల పైపు పగిలి ఉందనీ నేను పదిమందికి చెప్పాను. చిన్నాయన అది విని నన్ను మందలించాడు. "పైపు గాదురా, బస్సు రేడియేటరు కారతా ఉండె" అన్నాడు. మా వంశంలో లేనిది చెప్పడం తప్పు కాదు, చప్పగా చెప్పడం తప్పు.

నీళ్లు పడకపోతే ఫీజు వాపసు అన్నది ఆయన షరతు. మా నేల సంగతి తెలిసిన వాళ్లెవరూ అలాంటి షరతు పెట్టరు. కొన్నిచోట్ల నీళ్లు పడేవి, కొన్నిచోట్ల దుమ్ము పడేది. ఒక చేనులో పలకరాయి తగిలితే, పైకొచ్చిన ముక్కలు ఎంత నున్నగా ఉన్నాయంటే, ఆ ఏడు మా ఊరి బడికి మార్కాపురం నుంచి పలకలు తెప్పించే పని లేకపోయింది.

ఒక్కచోట మాత్రం చిన్నాయన నోరు జారాడు. ఆయన పై చేనుకు గట్టు అవతల చేను ఒక మామది. వరసకు ఊరందరికీ మామే. ఆ మామ టీ కొట్టు దగ్గర, నీ టెంకాయ పచ్చడికి తప్ప ఎందుకూ పనికిరాదని అన్నాడట. చిన్నాయన టీ గ్లాసు కిందపెట్టి, నీ చేనులో నీళ్లు పడకపోతే బోరు ఖర్చంతా నాదేనని నలుగురిలో అనేశాడు. బోరు తవ్వే రిగ్గు వచ్చింది. పగలంతా తవ్వింది. మామ చేను, మా చేను, చూడ్డానికి వచ్చిన జనం అంతా ఒకే రంగు దుమ్ములో మునిగారు. చుక్క తడి లేదు.

చిన్నాయన ఎద్దుల జత అమ్మి సగం ఖర్చు ఇచ్చాడు. మిగతా సగం ఇచ్చాడో లేదో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి ఆయన చేతిలో టెంకాయ లేవలేదు. ఆ ఇద్దరి మధ్యా మాటలు కూడా లేవు. మామ ఆ బోరు గుంత మీద బండ పరిచి, దానిమీద గడ్డివామి వేసుకున్నాడు. గిద్దలూరు వైపు నుంచి రాగికడ్డీ పట్టుకుని తిరిగే మనిషినొకణ్ణి పిలిపించి, చేనుకు ఆ చివర ఇంకో బోరు వేయించాడు. అక్కడ మోటరు రూము కట్టాడు. మిరప, పత్తి పచ్చగా పండించాడు. గట్టుకు ఇవతల చిన్నాయన పై చేను మాత్రం వాన వస్తే కందులు, రాకపోతే కంపచెట్లు. అంతమందికి నీళ్లు చూపించిన మనిషికి సొంత చేనులో నీళ్లు లేవు.

చిన్నాయన పోయాడు. నిండు వయసు, పెద్దగా బాధపడలేదు. దినకర్మలు అయ్యాక ఆయన పిల్లలు, అంటే మా తమ్ముడు, చెల్లెలు పంపకాల మాట ఎత్తారు. చిన్నమ్మ అప్పటికే లెక్క తేల్చేసింది: ఇల్లు కొడుక్కి, ఊరి పక్క చేను గిద్దలూరులో ఉన్న కూతురికి, ఎవరికీ అక్కరలేని పై చేను తనకు. పిల్లలిద్దరూ ఆ పై చేను విషయంలో అమ్మతో ఎంత మర్యాదగా ఉన్నారో చెప్పలేను.

కాగితాల కోసం మార్కాపురం వకీలు దగ్గరికి చిన్నమ్మను నేను తీసుకుపోయాను. ఆయన ఒక మెలిక పెట్టాడు. పోయిన మనిషికి అప్పులు ఉంటే, పంచుకోకముందే అప్పు ఇచ్చినవాళ్లకు బహిరంగంగా తెలియజేసి, గడువిచ్చి, వచ్చినవాళ్లకు కట్టాలి. తర్వాతే పంపకం. చెప్పకుండా పంచుకుంటే రేపు ఎవడో వచ్చి మీ వాటాల మీద పడతాడు, పేపర్లో ప్రకటన వేయించండి అన్నాడు.

"మా ఊరికి పేపరు చదివేదానికి రాదు సారూ, బజ్జీలు చుట్టుకోని వస్తది" అంది చిన్నమ్మ.

ప్రకటన మాత్రం చేయాల్సిందేనంది. వకీలుకు కావలసింది చట్టం, చిన్నమ్మకు కావలసింది వేరు. బాకీ తీర్చకుండా పోయినవాళ్లు అప్పిచ్చినవాళ్ల ఇంట ఎద్దై పుట్టి, చాకిరీ చేసి తీర్చుకుంటారని ఆమెకు గట్టి నమ్మకం. ఎక్కడ పుట్టినా ఆమెకు పట్టింపు లేదు, ఆ మామ పశువుల గాట్లో మాత్రం పుట్టకూడదు. పైగా మామ వాళ్ల ఆవు నిండు చూలుతో ఉంది. తిరుగు బస్సులో నా చెవిలో ఆమె చెప్పింది ఇదే: ఆవు ఈనేలోగా ఈ సంగతి తేలిపోవాలి, కావాలంటే తన పై చేను పోయినా సరే.

పేపరు వద్దనుకున్నాక మిగిలింది మైకు. మా వైపు ఊళ్లలో మినీ ఆటోలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, అమ్ముకునే అబ్బాయి ఒకడున్నాడు. వాడి మైకు ఎంత గట్టిదంటే, వాడు అర్ధవీడులో అరిస్తే కంభంలో బేరం జరుగుతుంది. వాణ్ణి ఆపి, వాక్యం నేనే చెప్పాను: "టెంకాయాయన కాలం చేసినారు. ఆయన బాకీ ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో ఇంటికొచ్చి చెప్పుకోవలెను. తర్వాత వస్తే చెల్లదు." వాడు తలూపి, రాత్రికి రికార్డు చేసుకుంటానని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆటో ఊళ్లోకి వచ్చింది. వందకు ఇన్ని కేజీలని ఎర్రగడ్డల ధర చెప్పి, అదే గొంతుతో, అదే ఊపుతో మొదలుపెట్టింది: టెంకాయాయన కాలం చేసినారు. ఆయనకు బాకీ ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో ఇంటికొచ్చి చెప్పుకోవలెను.

ఆయనకు. ఒక్క అక్షరం. అప్పిచ్చినవాళ్లను పిలవమంటే, అప్పు తీసుకున్నవాళ్లను రమ్మని ఊరూరా దండోరా వేస్తున్నాడు.

నేను చొక్కా వేసుకుని బయటపడేలోగా ఆటో పక్క ఊళ్లో ఉంది. టీ కొట్టు దగ్గరికి పోతే కూర్చున్నవాళ్లు లేచి చెరో దిక్కు నడిచారు. చిన్నమ్మను పలకరించడానికి బయల్దేరిన చుట్టాలు సగం దారిలోంచి వెనక్కి తిరిగారని తర్వాత తెలిసింది. మధ్యాహ్నానికి ఎవరో గోడ మీంచి గడ్డపార లోపలికి వేసి పోయారు. సాయంత్రానికి ఒక ఇత్తడి బిందె, రెండు పలుపుతాళ్లు, ఒక మోటరు స్టార్టరు వచ్చి చేరాయి. చిన్నాయన జన్మలో స్టార్టరు కొన్నది లేదు. చర్చి పాస్టరుగారు మాత్రం ఎదురుగానే వచ్చి, క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి తీసుకుపోయిన నిచ్చెన మర్చిపోయామని, క్షమించమని అప్పగించి వెళ్లారు. ఆ నిచ్చెన మాది అని మాకే తెలియదు.

మొత్తానికి ఆటో అబ్బాయిని సందు చివర పట్టుకున్నాను. వాడికి నా కోపం అర్థం కాలేదు.

"అట్ల గాదన్నా, చచ్చిపోయిన పెద్దమనిషి ఊరందరికీ బాకీ అని మైకులో చెప్పేది బాగుంటదా? పరువు పోదూ? అందుకే మర్యాదగా మార్చినా."

మర్యాదగా. పొద్దున్నే సరిచేసి చెప్పాలని, డబ్బులు మళ్లీ ఇస్తానని ఒప్పించి పంపాను.

తెల్లవారి నేను, చిన్నమ్మ ఇంటి ముందు పంచలో కూర్చుని ఉన్నాం. వీధిలో ఆ మామ కనిపించాడు. మా గుమ్మం దాటిపోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ దాటిపోయాడు. చివరికి టవలు భుజం మార్చుకుని లోపలికి వచ్చాడు. ఎద్దుల జత అమ్మినప్పటి నుంచి ఆ మనిషి మా గడప తొక్కలేదు. చిన్నమ్మ లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"చెల్లే, నిన్న మైకులో విన్నా. నన్ను ఉద్దేశించే చెప్పించినారని తెలిసింది. బావ ఆ పొద్దు ఎద్దులు అమ్మినాడు జూడు, ఆ బోరు..."

సరిగ్గా అప్పుడే ఆటో మా వీధి మలుపు తిరిగింది. గమనిక, గమనిక అంది మైకు. నిన్న చెప్పింది తప్పంది. టెంకాయాయనకు మీరెవరూ బాకీ లేరు, ఆయనే మీకు బాకీ ఉంటే రండి, మిగతావాళ్లు ఇండ్లలోనే ఉండండి అంది. ఆపైన ఎర్రగడ్డల ధర చెప్పుకుంటూ సాగిపోయింది.

మామ మొహంలో రక్తం మళ్లీ పారడం నేను కళ్లారా చూశాను. మజ్జిగ గటగటా తాగేశాడు. ఏమీ లేదు, ఊరికే పలకరిద్దామని వచ్చినానని లేవబోయాడు.

"కూర్చో అన్నా" అంది చిన్నమ్మ. "నువ్వెందుకొచ్చినావో నాకు తెలుసు. ఆయన నీకు బోరు ఖర్చులో సగమే ఇచ్చినాడు. మిగతాది నువ్వు అడగలేక పోతాండావు. దానికి నా పై చేను తీసుకో. కాగితం రాసిస్తా. మీ ఆవు ఇయ్యాలో రేపో ఈనుతదంట. ఆయన మీ గాట్లో పుట్టగూడదన్నా, నీకు దండం పెడతా."

నేను నోరు తెరిచాను, ఆమె చేత్తో వద్దంది. మామకు ఒక్క ఊ అంటే చాలు, గట్టుకు ఇవతలి చేను కూడా ఆయనదే. ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"ఎద్దై పుట్టాల్సింది బావ గాదు చెల్లే, నేను. మీ ఇంట్లో."

తల ఎత్తకుండానే మిగతాది చెప్పాడు. రిగ్గు పోయిన కొన్నాళ్లకు బోరులో దించిన కేసింగు గొట్టం మూత తీసి చూస్తే నీళ్లు పైదాకా ఊరి ఉన్నాయట. అప్పటికే చిన్నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయాడు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. టీ కొట్టు దగ్గర అన్న మాటలు గుర్తొచ్చి నోరు రాలేదు. తర్వాత మొహం చెల్లలేదు. గిద్దలూరు మనిషి చూపించిన చోట పడింది దుమ్మే. ఆ మోటరు రూము ఉత్త వేషం. మిరపా పత్తీ తాగిన నీళ్లన్నీ వామి కింది బోరువే, మట్టిలో పైపు పూడ్చి ఆ చివరిదాకా తీసుకుపోయాడు.

నాకు ఆ వామి గుర్తొచ్చింది. కరువులో ఊరంతా గొడ్లను అమ్ముకున్న ఏడు కూడా ఆయన అందులోంచి ఒక్క పరక లాగలేదు. పిసినారి అనుకున్నాం. మామ నా వైపు చూశాడు.

"ఆ వామిలో మూడు పడగల పాముందని నువ్వు ఊరంతా చెప్పబట్టే గదా అల్లుడా, దాని జోలికి ఎవురూ రాలా."

నిజానికి నేను చెప్పింది రెండు పడగలే. మూడోది ఊరు పెంచింది.

చిన్నమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒకే మాట అడిగింది.

"అయితే టెంకాయ లేసింది నిజమేనా?"

"నిజమే చెల్లే. సరిగ్గా లేసిన కాడనే పడినాయి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. చిన్నాయన పోయేదాకా టెంకాయ తనను మోసం చేసిందనే అనుకున్నాడు. ఇటు తిరిగేసరికి మొహం తుడుచుకుని ఉంది.

"నువ్వు ఎద్దై పుట్టి మా ఇంటికొస్తే మేత నేనేడ తెచ్చేది? నా వల్లగాదు. ఈ జన్మలోనే నీళ్లియ్యి. వామి తీసేసి గట్టు ఇవతలికి పైపెయ్యి. ఎద్దుల బాకీ అట్ల తీరిపోతది."

మామ ఆ వారంలోనే పైపు వేయించాడు. వామి తీసిన రోజు జనం కర్రలు పట్టుకుని పాము కోసం వచ్చారు. నేను ముందు వరసలో నిలబడి, అది నిన్న రాత్రే వెళ్లిపోయిందని చెప్పాను.

గడువు ముగిసేలోగా అప్పిచ్చామని వచ్చింది టీ కొట్టతను ఒక్కడే. ఆయనకు కట్టేశాం. ఎవరివో తెలియని స్టార్టరు, బిందె ఇంకా మా పంచలోనే ఉన్నాయి. వకీలు కాగితం రాయబోతూ, పక్క చేనులోంచి వచ్చే నీళ్లను ఆస్తిలో రాయాలా బాకీలో రాయాలా అని బుర్ర గోక్కున్నాడు. నీళ్ల సంగతి తెలియగానే తమ్ముడు, చెల్లెలు పై చేను గురించి ఇంకోసారి ఆలోచిద్దామమ్మా అన్నారు. చిన్నమ్మ వాళ్లతో వాదన పెట్టుకోలేదు. ఆటో అబ్బాయిని పిలిపించి, పై చేను ఎవరిదో మర్యాదగా మైకులో చెప్పించమంటారా అని అడిగింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

మామ ఆవు ఈనింది. పెయ్యదూడ. చిన్నమ్మ స్వయంగా పోయి, తోక ఎత్తి చూసి మరీ నిర్ధారించుకుంది. ఆ దూడ పుట్టిన గంటకే లేచి, నేరుగా వామి ఉన్న చోటికి నడిచి, ఆ బోరు మీద నిటారుగా నిలబడిందని నేను అందరికీ చెబుతున్నాను.

ఇప్పుడు మామ మోటరు వేసి గట్టు దగ్గరికి వస్తే, పైపు మూతి దగ్గర టమోటా నారు తడుపుతూ చిన్నమ్మ కేకేస్తుంది.

"ఏమన్నా, మేత తిన్నావా?"

"ఇంగా ఎద్దును గాలేదులే చెల్లే" అంటాడు మామ, కాలువకు అడ్డం పడిన మట్టి తీస్తూ.