రెండు వైపుల కన్వర్టర్

మా ఊళ్ళో కన్వర్టర్ అనే మాటకు ఒకటే అర్థం: మతం మార్చేవాడు. కొంచెం ఓపికున్న వాళ్ళయితే మతం మారినవాడు అని కూడా చెబుతారు. బేస్తవారిపేట దగ్గర పల్లెలో, వారమంతా కూలికీ ఆదివారం చర్చికీ పోయే ఇంట్లో పుట్టి, పీహెచ్‌డీకి నేను ఎంచుకున్న వస్తువు కన్వర్టర్. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో వేరే వస్తువులు లేక కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దానికి మా ఊళ్ళో మర్యాద కూడా ఉంది, కాలిపోతే నలుగురూ పోయి లైన్‌మన్‌ను బతిమాలుతారు. నేను పోయి పోయి కన్వర్టర్ పట్టుకున్నాను.

"ఇంతకీ ఏం చదువుతుండావు అబ్బయ్యా?" అని టీ కొట్టు దగ్గర మొదట అడిగింది మా నాయన పనిచేసే చేని ఆసామి. ఆయన్ని నేను పెద్దనాయనా అని పిలుస్తాను. మిరపకైనా కందికైనా మా నాయన చిన్నప్పటి నుంచి ఆయన చేలోనే. ఆయనకు నేనంటే అభిమానం. అభిమానం అంటే, కనబడిన ప్రతివాడికీ నన్ను చూపించి, మన పిల్లోడే అని చెప్పి, అందరికీ టీ ఇప్పించేంత. అందరికీ గాజు గ్లాసు, నాకు కాగితం కప్పు. చదువుకున్నవాణ్ణి కదా, శుభ్రంగా ఉండాలని.

కప్పు పట్టుకుని వివరించాను. "బ్యాటరీ బండి నడవాలంటే బ్యాటరీలో నుంచి మోటారుకు కరెంటు పోవాల. బ్రేకు తొక్కినప్పుడు, దిగుడులో, మోటారు నుంచి బ్యాటరీకి కరెంటు వెనక్కి రావాల. మధ్యలో ఉండి దానికి తగినట్టు దీన్నీ, దీనికి తగినట్టు దాన్నీ మార్చేదే కన్వర్టర్."

"అటూ ఇటూ రెండు పక్కలానా?"

"రెండు పక్కలా."

ఆయన తన గాజు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అయితే మీ వీధికి బాగా పనికొస్తాది."

టీ కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. జోకు బాగుంది మరి. మంచి జోకు ఎవరు వేసినా మొహం మాడ్చుకోవడం నాకు చేతకాదు.

ఆ జోకు బయటివాళ్ళకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. ఎస్సీ కుటుంబం క్రైస్తవం పుచ్చుకుంటే కాగితం మీద ఎస్సీ కాకుండా పోతుంది, బీసీ-సీ అవుతుంది. అందుకని మా వీధిలో చాలామంది ఆదివారం ఒకటి, మండలాఫీసులో ఒకటి. నీళ్ళలో మునిగితే కులం పోతుందని ప్రభుత్వం నమ్ముతుంది. ప్రభుత్వానికి ఉన్నంత విశ్వాసం మా పాస్టరుకు కూడా లేదు. మా వీధి మాత్రం ముత్తాత మునగకముందు ఊరికి ఏ దిక్కున ఉండేదో ఇప్పటికీ ఆ దిక్కునే ఉంది. నష్టం లేకుండా రెండు వైపులా నడిచే కన్వర్టర్ ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదని నా గైడు క్లాసులో చెప్పేవాడు. ఆయన మా వీధికి ఎప్పుడూ రాలేదు.

నా పీహెచ్‌డీ సీటు ఎస్సీ కోటాలో వచ్చింది. బడిలో చేరినప్పుడు అయ్యవారు మా పిల్లలందరికీ రాసినట్టే నాకూ హిందువు, ఎస్సీ అని రాశాడు, ఆ రాతే నాతో పాటు యూనివర్సిటీ దాకా వచ్చింది. అది నిలిస్తే నేను డాక్టర్ని. నిలవకపోతే, చాలా చదివిన కూలివాడి కొడుకుని.

పరిశోధన అంటే బయటివాళ్ళు ఏదో ఊహించుకుంటారు. మాది ముఖ్యంగా కాల్చడం. కరెంటును సెకనుకు వేలసార్లు కట్ చేసి కలిపే చిన్న చిన్న నల్లటి స్విచ్చులుంటాయి. ఒకటి తప్పు సమయంలో కలిస్తే టప్‌మని పగులుతుంది, ల్యాబంతా కమురు వాసన. మొదటి ఏడాదిలో నేను చేసిన వాసనకు పక్క ల్యాబువాళ్ళు నన్ను దూరం నుంచే గుర్తుపట్టేవారు. బోర్డు కింద పెట్టిన చెక్క కూడా మాడిపోవడంతో, సెలవుల్లో మార్కాపురం పోయినప్పుడు పలకల ఫ్యాక్టరీలో ఒక మందపాటి రాతి పలక కోయించుకుని తెచ్చాను. రాయి కాలదు, కరెంటును పోనివ్వదు. గైడు దాన్ని తట్టి చూసి, "ఏమిటిది?" అన్నాడు.

"పలక సార్. మా ఊరి వైపు నుంచి."

"ఇప్పుడు అక్షరాభ్యాసమా?"

ఆ పలక మీద బిగించిన తర్వాతే నా కన్వర్టర్ మొదటిసారి కాలకుండా నడిచింది. పక్కనే ఖాళీ ఉన్నచోట వోల్టేజీలు సుద్దముక్కతో రాసుకునేవాణ్ణి.

ల్యాబులో నడిచింది రోడ్డు మీద నడవాలి కదా. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, మార్కాపురంలో బ్యాటరీ ఆటో తోలుతాడు. పలకనూ దాని మీది సరంజామానూ ఆయన సీటు కింద బిగించి, దిగుడు కోసం దోర్నాల ఘాటుకు పోదామన్నాను.

"శ్రీశైలం దాకా ఎక్కుతాదా?"

"అంత దూరం వద్దులే మామా, నాలుగు మలుపులు చాలు."

"నాలుగు మలుపుల తర్వాత తోసేది నేనా, యూనివర్సిటీనా?"

ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర గార్డు ఆపాడు. యాత్రికుల కార్లన్నీ పోతున్నాయి, మమ్మల్ని ఆపాడు. సీటు కింద పెట్టె ఏందన్నాడు. నిజం చెప్పే రోగం మా ఇంట్లో వంశపారంపర్యం. కన్వర్టర్ అన్నాను.

గార్డు మా మామ మెడలో శిలువ చూశాడు. పెట్టె మూత తీశాడు. లోపల పలక, దాని మీద సుద్దతో అంకెలు.

"గూడేల్లో పిల్లోళ్ళకు పలకలు పంచుతుండారా? ఈ దోవలో అట్లాటి పనులు కుదరవు. తిప్పుకోండి."

"పలకలు కాదన్నా, బ్యాటరీ సామాను," అన్నాడు మామ. "మా అల్లుడు డాక్టరు చదువుతుండాడు."

"డాక్టరైతే పలకెందుకు?"

మామ గార్డును ఆటో ఎక్కించి సీటు కింద వైర్లన్నీ చూపించాకే అతను వదిలాడు. ఎక్కడం నత్తనడకగా ఎక్కాం. దిగేటప్పుడు మీటరు ముల్లు సున్నా దాటి అవతలి వైపుకు వాలింది. కరెంటు వెనక్కి వస్తోంది. నేను ఆటోలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

మామ తొంగి చూశాడు. "అంటే ఖర్చయినదంతా తిరిగొస్తాదా?"

"అంతా రాదు. కొంచెం."

"కొంచెమేనా? ఇన్నేండ్లు చదివి కొంచెమా?"

నా సిద్ధాంత గ్రంథం మీద వచ్చిన విమర్శల్లో అంత సూటిది మళ్ళీ రాలేదు.

చివరి అధ్యాయం రాస్తుండగా యూనివర్సిటీ వాళ్ళు కోటా సీట్లలో ఉన్నవాళ్ళందరి కులం విచారించమని మండలాఫీసులకు రాశారు. మామూలు తతంగం. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., ఊరికి వస్తాడు, నలుగురిని అడుగుతాడు, హిందువులే కదా అంటాడు, తల ఊపాలి. మా వీధిలో ఆ తల ఊపడం నడక నేర్చినంత సహజంగా వస్తుంది. నేనూ ఆ రోజుకు ఇంటికి వచ్చాను.

ఆర్.ఐ. మంచివాడే. ఎండలో తిరిగి అలిసిపోయి, టీ కొట్టు బల్ల మీద కూర్చుని నా పేరు చెప్పి, ఈ పిల్లవాడు తెలుసా అని అడిగాడు. పెద్దనాయన అక్కడే ఉన్నాడు.

"తెలవకపోవడమేంది సార్. మన పిల్లోడే. కన్వర్టర్."

ఆర్.ఐ. తల ఎత్తాడు. "ఏంది?"

"కన్వర్టర్ సార్. మామూలోడు కాదు, రెండు పక్కలా చేస్తాడు. యూనివర్సిటీలో ఏండ్ల తరబడి అదే పని. మార్కాపురం పలకల మీద చేసినాడు. దోర్నాల అడవిలో గూడా చేసొచ్చినాడు."

ప్రేమతోనే చెప్పాడు. నాకు ఆయన మీద ఈ రోజుకీ కోపం రాదు. అంత గొప్పగా నా థీసిస్ సారాంశాన్ని నేను కూడా చెప్పలేకపోయాను.

నేను పరుగున పోయి బ్యాటరీ, మోటారు, బ్రేకు అన్నీ చెప్పాను. ఫోన్లో మామ ఆటో ఫొటో చూపించాను. ఆర్.ఐ. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "సరేలేవయ్యా, ఇది రాస్తే నన్ను కూడా విచారిస్తారు," అని పెన్ను మూయబోయాడు. అప్పుడే మా నాయన చేలో నుంచి వచ్చాడు. కాళ్ళకు మట్టి, భుజాన టవల్.

"నువ్వేనా పిల్లోడి తండ్రివి? మీరు హిందువులే కదా?"

ప్రశ్నలోనే జవాబు ఉంది. తల ఊపితే అయిపోయేది. నాయన నా వైపు చూశాడు, ఆర్.ఐ. వైపు చూశాడు.

"మా సంఘంలో నేను పెద్దను సార్," అన్నాడు.

"ఏ సంఘం? రైతు సంఘమా?" అన్నాడు ఆర్.ఐ. దారి చూపిస్తున్నాడు పాపం.

"చర్చి సంఘం సార్. మా తాత కాలంలోనే నీళ్ళలో మునిగినాము."

"అవును సార్," అన్నాడు పెద్దనాయన, సిఫార్సు చేస్తున్నట్టు. "శానా నిష్ఠగా ఉంటారు. ఆదివారం ఎంత పనున్నా రారు."

ఆర్.ఐ. మూయబోయిన పెన్నుతోనే ఆ మాట రాసుకున్నాడు. పోతూ పోతూ నాతో, "మీ నాయనకు ముందే చెప్పుకోవాల కదయ్యా," అన్నాడు. ముందే చెప్పుకోవలసినంత కొత్త సంగతి కాదది. మా వీధిలో కుక్కకు కూడా తెలుసు.

మా చర్చిలో ఆ వారం పాస్టరు నాయన పేరు ఎత్తి, సత్యం కోసం నిలబడ్డాడని ప్రసంగించాడు. నాయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకు నాయనా అని.

"అబద్ధం చెప్పాలని నాకూ తెలుసు అబ్బయ్యా. టయానికి నోట్లోకి రాలేదు."

అంతే. నిలబడ్డం లేదు, ఏమీ లేదు. రావలసిన బస్సు రానట్టు.

సీటు పోయింది. బీసీ-సీ కింద నా విభాగంలో ఖాళీ లేదన్నారు. ల్యాబు తలుపు నా కార్డుకు పలకడం మానేసింది. పలక మీదిది చూసి తర్వాత నేను చేసిన కొత్త బోర్డు, అచ్చుపోసినట్టు అందంగా ఉండేది, ల్యాబు ఆస్తి కాబట్టి నా తర్వాత చేరినవాడికి ఇచ్చారు; పలకనూ దాని మీది పాత సరంజామానూ ఎవరూ అడగలేదు. గైడు చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే వాడి పేపర్లో చివరి వరుసలో నా పేరు వేయించాడు, అందించిన సహాయానికి కృతజ్ఞతలతో అని. కరెంటు బిల్లు కట్టినవాడికి చెప్పినట్టు.

కాగితాలు వెనక్కి తీసుకోవడానికి పోయినప్పుడు సెక్షన్‌లో గుమాస్తా గొంతు తగ్గించి దారి చెప్పాడు. "మళ్ళీ హిందూ మతంలోకి మారితే కులం తిరిగి వస్తుంది తమ్ముడూ. మీవాళ్ళు ఒప్పుకుంటే చాలు. చట్టం రెండు వైపులా వీలు పెట్టింది."

నేను అక్కడే పగలబడి నవ్వాను. ఆయన బాధతో మతి చెదిరిందనుకుని మంచినీళ్ళు ఇచ్చాడు. గాజు గ్లాసులోనే.

నాయనకు చెప్పాను. ఆయన పశువులకు మేత వేస్తున్నాడు. చేతులు ఆగలేదు.

"మారితే సీటు ఇస్తారా?"

"అడగొచ్చు."

"మారుకో మరి. సంఘానికి నేను చెప్పుకుంటాలే. పెద్దరికం ఇంకెవరికన్నా ఇస్తారు."

నాకు దేవుడితో అంత పరిచయం లేదు. చర్చిలో ప్రసంగం నాకు నిద్రకు పనికొచ్చేది. కాబట్టి మారడానికి నా వైపు నుంచి పెద్ద అడ్డంకి లేదు. వారాల తరబడి ఆలోచించాను, ప్రసంగాల మధ్యలోనే, ఇంకెక్కడా అంత తీరిక దొరకదు. తిరిగి రావాలంటే ముందు ఎక్కడికో పోయి ఉండాలి. వీధి ఉన్నచోటే ఉంది. కాగితం కప్పు ఉన్నచోటే ఉంది. నేను ఏ దారిన తిరిగి రావాలో నాకు దొరకలేదు. దీన్ని పౌరుషం అనుకోవద్దు, సగం బద్ధకం. సీటు మళ్ళీ అడగడానికి ఉన్న గడువు దాటిపోయింది.

ఇప్పుడు మార్కాపురంలో మామతో కలిసి ఒక షెడ్డులో బ్యాటరీ ఆటోలు బాగుచేస్తున్నాను. ఆటోవాళ్ళందరూ నన్ను కన్వర్టర్ అనే పిలుస్తారు. డాక్టర్ కన్నా నోరు బాగా తిరుగుతుందట.

మొన్న ఘాటు మీద ఒక గూడెంలో ప్రార్థన కూడికకు నాయనను మామ ఆటోలోనే తీసుకుపోయాం. చెక్‌పోస్టు గార్డు మమ్మల్ని గుర్తుపట్టి, పలకలోళ్ళు వచ్చినారే అని గేటెత్తాడు. తిరిగి దిగేటప్పుడు నాయన సీటు కింద పెట్టెలోకి వంగి చూశాడు. పలక మీద నా పాత సుద్ద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

"నువ్వు ఇన్నేండ్లు చేసింది ఇదేనా?"

"ఇదే."

"వెనక్కి వస్తా ఉందా ఇప్పుడు?"

"వస్తా ఉంది నాయనా. కొంచెం."

"మిగతాది ఏమైతాది?"

"వేడయి పోతుంది. దానికే ఆ అల్యూమినియం రెక్కలు పెట్టినా."

ఆయన చెయ్యి చాపి ఆ రెక్కల మీద అరచెయ్యి పెట్టాడు. తీస్తాడనుకున్నాను. తీయలేదు. మామ అద్దంలో చూశాడు.

"చెయ్యి తీయి బావా. కాలితే ఆదివారం బైబిలు ఎవురు పట్టుకుంటారు?"

అప్పుడు తీశాడు. అరచేతిని లుంగీకి తుడుచుకుని, మలుపు వచ్చినప్పుడల్లా మీటరు ముల్లు వైపు చూస్తూ దోర్నాల దాకా కూర్చున్నాడు.