నాన్న తూచిన ముళ్ళ చెప్పులు

మా నాన్న లెక్కలో వస్తువులు రెండే రకాలు. కాటాలో మొగ్గేవి, మొగ్గనివి. నరసరావుపేటలో మాది ఇనుప సామాన్ల కొట్టు. పలుగైనా, పారైనా, గొడ్డలైనా ముందు చేత్తో ఎత్తి చూసేవారు, తర్వాత కాటాలో వేసేవారు. బరువుంటే మంచి సరుకు. కొనే రైతులూ అదే నమ్మేవారు కాబట్టి ఆయన సిద్ధాంతానికి ఎన్నడూ ఎదురు రాలేదు.

అలాంటి మనిషి చేతికి, ఎనభైల్లో ఒక చలికాలం, నేనొక ఫారం ఇచ్చాను. అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. ఉత్తరాదిన మంచుకొండలెక్కడం నేర్పే శిబిరానికి మా కాలేజీ ఆడపిల్లల్లో నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు. అప్పటిదాకా నేనెక్కిన ఎత్తల్లా కోటప్పకొండ మెట్లే. అయినా వెళ్ళాలనే కోరిక ఎంతగా పట్టుకుందంటే అన్నం సయించేది కాదు. కావలసిందల్లా సోమవారంలోగా తండ్రి సంతకం.

ఫారంతో పాటు బొమ్మలున్న కాగితం ఒకటి వచ్చింది. మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టుకునే ఇనుప పళ్ళ చట్రాలుంటాయి, వాటిని క్రాంపాన్లంటారు. చేతిలోకి ఐస్ యాక్స్ అనే చిన్న గొడ్డలి. రెండూ శిబిరంలోనే ఇస్తారు, సొంతవి ఉంటే తెచ్చుకోవచ్చు, ఎంచుకునేటప్పుడు ఇవీ ఇవీ చూసుకోండి అని రాసి ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే తెలుగు చేసి చెప్పాను. నాన్నకు ధైర్యంగా ఉంటుందని ‘అక్కడే ఇస్తారు’ అన్న ముక్కను కాస్త గట్టిగా చదివాను. అదే నా కొంప ముంచింది.

“ఎవడో తొక్కి పారేసిన ఇనుముతో నా కూతురు కొండెక్కుద్దా?” అన్నారు నాన్న. “ఇనుము నేను చూసి ఇస్తా. అది మంచు మీద నిలబడితే సంతకం పెడతా. లేకపోతే లేదు.”

మా కొట్టు పక్కనే లారీల వర్క్‌షాపు. దాని మేస్త్రీని చిన్నప్పటినుంచీ బాబాయ్ అనేదాన్ని. ఉర్దూలో తిట్టి తెలుగులో బుజ్జగించే మనిషి. ఆయన ముందు కాగితం పరిచి నాన్న దానితో బేరం మొదలుపెట్టారు. పన్నెండు పళ్ళుండాలి, వాటిలో రెండు బూటు ముందుకు పొడుచుకు రావాలి అని కాగితం అంటే, ముందు పళ్ళెందుకు, ఎవర్ని కుమ్మడానికని ఆ రెండూ తీసేయించారు. చట్రం నడుమ మడత ఉండాలంటే, వంగే ఇనుము ఇనుమే కాదన్నారు. గొడ్డలి తల పట్టుకుని నిలబడితే కింది మొన చీలమండ దాకా వస్తే చాలని ఉంటే, ఆ పొట్టి పిడితో నడుం విరుగుతుందని పార పిడంత కర్ర పెట్టించారు. కొట్లో ఉన్న చదరపు కడ్డీల్లో అన్నిటికన్నా లావుదాన్ని స్వయంగా ఏరి ఇచ్చారు. తయారైన జతను కాటాలో వేస్తే నాలుగు కిలోల రాయి పైకి లేచింది. నాన్న మొహం వెలిగిపోయింది.

నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత తెలివొచ్చింది. ఎదురు చెబితే సంతకం పోతుంది, చెప్పకపోతే కాళ్ళు పోతాయి. నాన్న భోంచేసి నడుం వాల్చిన వేళ చూసుకుని వర్క్‌షాపుకి వెళ్ళి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఇంకో జత చేసిపెట్టమని బాబాయ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. శెట్టిగారికి, అంటే మా నాన్నకి, తెలిస్తే తనకు ఈ వీధిలో చోటుండదని సణుగుతూనే ఆయన పాత లారీ స్ప్రింగు కమాను కట్ట ఒకటి కోశారు. నడుమ తలుపు బందు బిగించారు. ముందుకు రెండు పళ్ళు సాన పట్టారు. బెల్టు కట్టకుండా బూటు పైకెత్తి ఊపితే చట్రం ఊడకూడదని కాగితంలో ఉంది. ఊపి చూశాం. ఊడలేదు. పొట్టి పిడి గొడ్డలి కూడా చేసి, రెండింటినీ గోనెసంచిలో చుట్టి ఇచ్చారు.

ఆదివారం పొద్దున మా ఊరి ఐసు ఫ్యాక్టరీలో పరీక్ష. చలికాలం కాబట్టి సోడాకొట్ల వాళ్ళు రారు, దిమ్మలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాక్టరీ కూలీలు చుట్టూ మూగి చూస్తుంటే, ఊక బస్తాల మీద మూడు దిమ్మలు ఏటవాలుగా పేర్చాం. నేను బూట్లు బిగిస్తుంటే నాన్న ఆపారు. తన సరుకు ముందు తనే తొక్కి చూడాలట. బాబాయ్ దగ్గర బూట్లు తీసుకుని తొడుక్కుని, తన ముళ్ళ జత వాటికి కట్టి, పంచె ఎగ్గట్టి, ఆ పొడుగు గొడ్డలి పట్టుకుని ఠీవిగా మొదటి అడుగు వేశారు.

లావు పళ్ళు ఐసులో దిగనే లేదు. నాన్న ఒక్క క్షణం కొట్లో కూర్చున్నంత దర్జాగా నిలబడ్డారు, ఆ తర్వాత అలాగే నిలబడి వెనక్కి జారి, దిమ్మల కిందున్న ఊక కుప్పలో నడుం దాకా కూరుకుపోయారు. మీసాల నిండా ఊక. బాబాయ్ అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టారు. నేను ఆపుకోలేకపోయాను. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వుతూనే గోనెసంచి విప్పి, నా జత కట్టుకుని, ముందు పళ్ళు ఐసులోకి తన్ని, చకచకా మూడో దిమ్మ మీదకెక్కాను. గొప్పగా ఉంటుందనుకున్నాను. పైనుంచి చూస్తే నాన్న ఊక దులుపుకుంటూ గేటు దాటి వెళ్ళిపోతున్నారు. నా నవ్వు ఆగిపోయింది. కొండ పోయిందనుకున్నాను. అంతకన్నా ఎక్కువగా, ఆయన్ని పదిమంది ఎదుట చిన్నబుచ్చానని సిగ్గేసింది.

సోమవారం పొద్దున కొట్టు తీశాక నాన్న పిలిచారు. ఫారం ఆయన ముందుంది. తేలిక జత ఎవరి ఇనుమని అడిగారు. నిజం చెప్పాను. తప్పయిందన్నాను.

“నేను లేచొచ్చింది నువ్వు నవ్వినందుకు కాదులేవే,” అన్నారు. “ఈడ నేను పడ్డా. ఊక ఉంది, నువ్వున్నావు. ఆడ నువ్వు పడితే నాకు కబురు రావడానికి ఎన్నాళ్ళు పడుద్దో. అన్నాళ్ళూ నేను ఈ గల్లా కాడ కూచుని, మా అమ్మాయి కొండెక్కిందని వచ్చినోళ్ళందరికీ చెప్పుకుంటా ఉంటా.”

నేను పడను నాన్నా అన్నాను.

“నేనూ అట్టాగే అనుకున్నా,” అని సంతకం పెట్టారు.