ట్యాంకు మీద చాయ్ గ్లాసు

ఏడో తరగతిలో నేను బడి మానేసిన రోజున మా లెక్కల సారు అందరి ముందూ అన్నారు: "వీని తలకాయల మోత ఎక్కువ, బండి మాత్రం కదలదు." పాతికేళ్లుగా రాంగోపాల్‌పేట్‌లో మోటార్‌సైకిళ్లు బాగుచేస్తున్నాను కాబట్టి ఆయన లెక్క తప్పిందనుకునేవాణ్ని. పోయిన వానాకాలం దాకా.

నా మొదటి సంపాదనతో కొన్న పాత మోటార్‌సైకిల్ ఒకటి ఉండేది. దాని ఇంజనుకూ క్లచ్చుకూ మధ్య, ఎడమ పక్క మూత లోపల, నూనెలో తిరిగే చైన్ ఉంటుంది. ప్రైమరీ చైన్ అంటాం. అది అంతటా ఒకేలా అరగదు. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు. ఇంజను మెల్లగా తిప్పుతూ అన్నిటికంటే బిగుతైన చోటు వెతికి, అక్కడ వేలితో నొక్కితే పావు అంగుళం ఆడేలా పెట్టాలి. నా దగ్గరికి వచ్చినవాళ్లందరికీ ఈ పాఠం చెప్పాను. నా బండికి మాత్రం, వాన వచ్చేలా ఉందని, మొదట కనిపించిన వదులు చోటే చూసి బిగించి మూత పెట్టేశాను.

మర్నాటి నుంచి బండి ఒకటే వణుకు. హ్యాండిల్ పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కేవి. ఇంజను బోల్టులన్నీ బిగించాను, తగ్గలేదు. చైన్ మూత మళ్లీ విప్పాలని తోచలేదు. నేను బిగించింది కదా, తప్పెలా ఉంటుంది!

నాతోపాటు ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్న దోస్తుకు మారేడ్‌పల్లిలో షెడ్డుంది. బండ్లకు వాడు చేసే వైద్యం మీద చాయ్ హోటల్లో నేను వేయని జోకు లేదు. "నీ దగ్గరికి జలుబుతోని వస్తే కాలు దీసేస్తవ్ రా" అంటే అందరూ నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు. చివరికి దిక్కుతోచక బండి వాడి దగ్గరికే తీసుకెళ్లాను.

స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"క్రాంక్ పోయింది రా. ఇంగ దీనికి పెట్టుడు దండుగ."

క్రాంక్ అంటే ఇంజనుకు వెన్నెముక లాంటిది. "మరేం జేద్దామంటవ్?"

"ఈడ ఇడిసిపో. పార్టులకు నేను తీసుకుంట. నువ్వే విప్పితె నీకు తక్లీఫ్ ఐతది."

నా బాధ గురించి ఆలోచించాడని, ఆ చివరి మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళంచెవి వాడి చేతిలో పెట్టి, మల్కాజ్‌గిరిలో ఇంటికి బస్సులో వెళ్లాను.

నెల తర్వాత మారేడ్‌పల్లి చాయ్ హోటల్ ముందు నా బండి కనిపించింది. పార్టులుగా కాదు, మొత్తంగా. ఇంజను నడుస్తోంది, పక్కన వాడు. ట్యాంకు మీద నిండు చాయ్ గ్లాసు. వణుకు ఎంతుందో చూడడానికి మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. చుక్క ఒలకలేదు.

"కొత్త క్రాంక్ ఏసినవా?"

వాడు నా వైపు చూడలేదు. "చైన్ గట్టిగుండె. జెర వదులు చేసిన."

"అది ఆనాడే ఎరికేనా?"

"స్క్రూడ్రైవర్ పెట్టంగనే."

బండి పోయినందుకు కాదు, ఆ 'తక్లీఫ్' అన్న మాటకే నాకు కోపమొచ్చింది. అయినా నోరు ఊరుకోలేదు. "పోనీ తియ్, ఇన్నేండ్లకు ఒక్క రోగమన్న సక్కగ పట్టినవ్" అన్నాను. హోటల్లో ఎవరో నవ్వారు. ఈసారి వాడు నవ్వలేదు. గ్లాసు తీసుకుని చాయ్ మొత్తం తాగి, అప్పుడు అన్నాడు:

"ఇన్నేండ్లల్ల నువ్వు నా మాట నమ్మింది ఒక్కసారే. అది గూడ నేను అబద్ధం జెప్పిననాడు."